తెలుగు లిఖిత గ్రంథ సూచికలలో వలసపాలనా దృష్టి : మెకంజీ, బ్రౌను సేకరణల పునఃపరిశీలన

గ్రంథ సూచిక నిష్పాక్షికమైన సాధనమన్న అభిప్రాయం పరిశోధకులలో బలంగా నాటుకొని ఉన్నది. గ్రంథనామం, కర్త, పత్రసంఖ్య, పత్రానికి పంక్తుల సంఖ్య, ఆద్యంతాలు - ఇవన్నీ చూచి, లెక్కించి వ్రాసుకొన్న వివరాలు. వీటిలో పక్షపాతానికి తావెక్కడిదని అనిపించడం సహజం. అయితే ఏ ప్రతిని ఏ శీర్షిక క్రింద చేర్చారు, సేకర్తగా ఎవరి పేరు వ్రాశారు, ఎవరి పేరు వదలివేశారు, ఏ రచనను నిష్ప్రయోజనమని తోసిపుచ్చారు అన్న ప్రశ్నలు వేసినప్పుడు సూచిక వెనుక నున్న తీర్పరి కనిపిస్తాడు. తెలుగు సాహిత్య చరిత్రకు, స్థానిక చరిత్రకు మూలాధారాలైన లిఖిత గ్రంథ సంపుటులలో గణనీయమైన భాగం ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల చేతుల మీదుగా భాండాగారాలకు చేరినదే. కనుక ఆ తీర్పుల స్వరూపాన్ని పరిశీలించడం తెలుగు పరిశోధకునికి వేరొకరి చరిత్రను చదవడం వంటిది కాజాలదు.

కాలిన్ మెకంజీ (1754-1821) స్కాట్లండుకు చెందిన లూయీ ద్వీపంలో జన్మించి, 1783లో మద్రాసు చేరిన సైనిక ఇంజనీరు. మైసూరు యుద్ధానంతరం ఆ రాజ్యపు సర్వేకు నాయకత్వం వహించి, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరల్ అయినాడు. భూమి కొలతతో పాటు గ్రామ చరిత్రలు, వంశావళులు, శాసన ప్రతులు, నాణెములు, చిత్రములు సేకరించడం ఆయన జీవితకాల వ్యాసంగం. ఆయన మరణానంతరం కంపెనీవారు ఆ సేకరణను ఆయన భార్యనుండి పదివేల పౌనులకు కొన్నారు. హెచ్. హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో ప్రకటించిన రెండు సంపుటాల సూచిక ప్రకారం అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,159 అనువాదాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణెములు ఉన్నవి.

ఈ అంకెలు తరచుగా ఉదాహరింపబడుతూ ఉంటాయి. వీటి క్రింద నున్న పరిస్థితి అంతగా చర్చకు రాలేదు. విల్సన్ గొప్ప సంస్కృతజ్ఞుడే గాని తెలుగు, తమిళం, కన్నడం ఆయనకు రావు. ఈ భాషలలోని గ్రంథాల వివరణకు ఆయనకు ఆధారం మెకంజీ వద్ద పనిచేసిన పండితులు ఇంగ్లీషులో వ్రాసి పెట్టిన సంగ్రహాలు. అనగా మొదటి సూచికలోని జ్ఞానం చాలావరకు తెలుగువారు మొదలైన దాక్షిణాత్యులది. సూచికకర్త అన్న గౌరవం ఆ భాషలు చదువలేని వానిది. పేరు, పని వేరుపడిన ఈ తీరు తరువాతి కథకంతకు నాంది.

ఆ పండితులలో అగ్రగణ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య (1776-1803) 1796 ప్రాంతంలో మెకంజీ కొలువులో చేరి, ఏడేండ్లలో మార్గం వేసి, ఇరువదియేడేండ్లు నిండకుండానే మరణించినాడు. బొర్రయ్యతో కలిగిన పరిచయమే భారతీయ విజ్ఞానంలోనికి తనకు తెరచిన తొలి వాకిలి అన్న భావాన్ని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో ప్రకటించినాడు. అన్న చనిపోయిన పిమ్మట లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించి, జిల్లాలకు పంపిన గుమాస్తాలను, అనువాదకులను నడిపించినాడు. మరొక సోదరుడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లీషులో ప్రకటించినాడు. తెలుగు కవులను గూర్చి ఇంగ్లీషులో అచ్చయిన తొలి చరిత్ర గ్రంథాలలో అది ఒకటి. అందులో అన్నగారైన బొర్రయ్యకు స్థానం కల్పించడం రామస్వామి చేసిన మంచి పని. సూచికకర్తలు చేయని పనిని తమ్ముడు చేసినాడు.

మెకంజీ పోయిన తరువాత జరిగినది మరింత గమనింపదగినది. మిగిలిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య దరఖాస్తు పెట్టుకొన్నాడు. 1830ల దశకంలో ఆ విషయం బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వచ్చినది. ఆ సేకరణ ఎట్లు పుట్టి పెరిగినదో తెలిసినవాడు లక్ష్మయ్యను మించి అప్పటికి మరొకడు లేడు. అయినను సొసైటీ పక్షాన జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయం ప్రకారం ఆయన అర్హతలు అంతటి కార్యానికి చాలవు. సహాయకుడుగా ఉపయోగపడవచ్చును గాని స్వతంత్రంగా నిర్వహింపజాలడు. బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించి భారతీయ చరిత్రకు మహోపకారం చేసిన ప్రిన్సెపే ఈ మాట వ్రాసినాడన్నది మరచిపోరాదు. జాతి వివక్ష దుర్మార్గుల నోట మాత్రమే పలుకుతుందనుకొంటే ఈ ఘట్టం అర్థం కాదు. విద్వత్తు, సౌజన్యం, ఆసక్తి అన్నీ ఉన్నచోట కూడా ఒక జాతివాడు విషయాన్ని సేకరించడానికి తగునని, వ్యాఖ్యానించడానికి తగడని చేసిన విభజన అందులో ఉన్నది. ఆ పని చివరకు మద్రాసులోని మిషనరీ విలియం టేలరుకు దక్కినది.

ఈ విషయంలో ఆధునిక పరిశోధకుల మధ్య అభిప్రాయభేదం కలదు. నికోలస్ డర్క్స్ మెకంజీ సేకరణను వలసపాలన తనకు కావలసిన జ్ఞానాన్ని నిర్మించుకొన్న తీరుకు నిదర్శనంగా చూచినాడు. 2003లో ఫిలిప్ వాగనర్ ప్రకటించిన వ్యాసం దీనికి భిన్నమైన కోణాన్ని చూపినది. కావలి సోదరులు నియోగి బ్రాహ్మణులు. లెక్కలు, దస్తావేజులు, పలు లిపులు, పలు భాషలు వారి కులవృత్తిలో భాగం. ఆర్కాటు నవాబు కాలంనాటి పరిపాలనా సంప్రదాయంలో పెరిగిన ఆ నైపుణ్యమే శాసనాలను చదివి, కాలనిర్ణయం చేసి, చరిత్రకు ఆధారంగా వాడుకొనే పద్ధతికి పునాది వేసినదని ఆయన వాదం. రమాసుందరి మంతెన 2012 నాటి గ్రంథంలో ఈ విషయాన్నే తెలుగుదేశపు చరిత్ర రచనారంభంతో ముడిపెట్టి చర్చించినారు. రెండు వాదాలలో వాగనర్ వాదమే ఆధారాలకు దగ్గరగా ఉన్నట్లు తోచుతుంది. లక్ష్మయ్యను కేవలం ఒక యంత్రాంగంలో పనిముట్టుగా చూడడం ప్రిన్సెప్ తీర్పునే మరొక మార్గంలో అంగీకరించడమవుతుంది.

అట్లని కథ ఇంతటితో ముగియదు. కైఫీయతులను చెప్పినవారు ఎవరు? గ్రామ కరణాలు, ఆలయ స్థానాచార్యులు, పాళెగాండ్ర వంశీయులు. కరణాల దండకవిలెల నుండి ఎత్తి వ్రాసిన వృత్తాంతాలలో అగ్రహారాల పుట్టుక, మాన్యాల వివరం, గ్రామ పొలిమేరలు విపులంగా ఉంటాయి. అదే గ్రామంలో చెరువు త్రవ్వినవారు, మగ్గం నేసినవారు, తోలుపని చేసినవారు చాలావరకు పన్నుల పట్టికలోనో, పొలిమేర తగాదాలోనో మాత్రమే కనిపిస్తారు. దొర దృష్టికి ముందే కరణం దృష్టి ఆ కాగితాలపై పడినది. వలసపాలనను మాత్రమే తప్పుపట్టి ఊరకుండే విమర్శ ఇక్కడ సగంలోనే ఆగిపోతుంది.

టేలరు కూర్చిన మూడు సంపుటాల సూచిక 1857-1862 మధ్య మద్రాసులో వెలువడినది. శ్రమకు ఓర్చి చేసిన పని అనడంలో సందేహం లేదు; శిథిలమై పోయిన అనేక ప్రతుల ఉనికి నేడు ఆ సూచిక వలననే తెలియుచున్నది. కాని గ్రంథవిషయం చెప్పవలసినచోట మతప్రచారకుని నైతిక తీర్పు కలసిపోవడం దానిలోని పెద్ద లోపం. శృంగార రచనల పట్ల, స్థలపురాణాల పట్ల ఆయనకు గల విముఖత ఆయన వివరణలలో దాగదు. మద్రాసు విశ్వవిద్యాలయం పక్షాన టి. వి. మహాలింగం 1970లలో మెకంజీ ప్రతుల సంగ్రహాలను మరల ప్రకటింపవలసి వచ్చినదంటే పాత సూచికలు పరిశోధకులకు ఎంతవరకు చాలకపోయినవో ఊహింపవచ్చును.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) విషయం వేరు. తెలుగువారు ఆయనను ఋషితుల్యునిగా తలచుకొంటారు. అందుకు కారణాలు లేకపోలేదు. పండితులు కవిగా లెక్కింపని వేమనను 1829లో అచ్చువేసినది ఆయన. కడపలో సొంత ధనంతో లేఖకులను, పండితులను పోషించి, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు గుర్తింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించినది ఆయన. చెడిపోవుచున్న మెకంజీ స్థానిక చరిత్రలకు మరల నకళ్లు తీయించిన ఘనత కూడా ఆయనదే. సెలవుపై లండనులో ఉన్నప్పుడు ఈస్టిండియా హౌసులో ఎవరూ చదువక పడియున్న దాక్షిణాత్య లిఖిత గ్రంథాలను చూచి, వాటిని మద్రాసుకు పంపవలెనని పట్టుపట్టినాడు. జాన్ లేడెన్ సేకరణతో సంబంధం గల ఆ ప్రతులు 1840లలో మద్రాసు చేరినవి. సాంస్కృతిక సంపదను తిరిగి ఇవ్వడం గురించి నేడు ప్రపంచమంతటా జరుగుచున్న వాదోపవాదాలలో ఈ సంఘటన ప్రస్తావన కనబడకపోవడం ఆశ్చర్యం. అడిగినవాడు కంపెనీ ఉద్యోగి కావడం వలన అది సాధ్యమైనదన్నదీ నిజమే.

అయినను బ్రౌను సేకరణ అన్న పేరు క్రింద నున్న శ్రమ ఎవరిది? మనుచరిత్రకు వ్యాఖ్య సంతరించిన జూలూరి అప్పయ్య, పాఠ పరిష్కరణలో తోడ్పడిన వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటివారి పేర్లు బ్రౌను స్వయంగా చెప్పినందువలన, తరువాత బంగోరె వంటి పరిశోధకులు ఆయన లేఖలను వెదకి వెలికితీసినందువలన నిలిచినవి. భాండాగారపు ప్రవేశ పట్టికలో మాత్రం సేకరణకు ఒకే ఒక పేరు. 1869లో రూపుదిద్దుకొన్న మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి మూలమైన మూడు సేకరణలు మెకంజీ, లేడెన్, బ్రౌనుల పేర్లతోనే వ్యవహరింపబడుతున్నవి. మూడింటిలోను తెలుగువాడు లేడు. ఈ వ్యవహారాన్ని మార్చడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. నూటయేబదియేండ్ల పరిశోధన ఆ పేర్లతోనే ఉదాహరణలిచ్చినది. పేరు ప్రక్కన పేర్లు చేర్చడానికి అడ్డంకి ఏదియు లేదు.

లిఖిత గ్రంథాల నుండి ముద్రిత గ్రంథాలకు వచ్చినప్పుడు సమస్య మరింత తీవ్రమవుతుంది. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో ఆ రాజధానిలోని నేరస్థ వర్గాలను గూర్చి ఒక పుస్తకం వ్రాసినాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలను, తెగలను గూర్చి ఏడు సంపుటాలు ప్రకటించినాడు. మనుష్యుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచి వాటినిబట్టి జాతి తారతమ్యాలు నిర్ణయింపవచ్చునన్న నమ్మకం రిస్లే మొదలైనవారితో పాటు థర్‌స్టనుకూ ఉన్నది. ఆ శాస్త్రం నేడు శాస్త్రం కాదు. కాని ఏ కళాశాలలోనైనను జానపద వాఙ్మయంపైనో కులపురాణాలపైనో సిద్ధాంత వ్యాసం వ్రాయు విద్యార్థి మొదట తీసేది థర్‌స్టన్ సంపుటాలనే. వాటిని ప్రక్కన పెట్టడం కుదరదు. ఆచారాల, కథల, పలుకుబడుల సమాచారం అందులో అపారం. ఆ పుస్తకాలు ఏ ఉద్దేశంతో, ఏ కొలతలతో పుట్టినవో చదువరికి తెలుపు మాట ఒక్కటి సూచికలో లేకపోవడం మాత్రం లోపమే.

దీనికి మూల్యం చెల్లించినవారు ఉన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. ఎరుకలవారు మొదలైనవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, నివాస స్థలాలలో నిర్బంధించినారు. బాపట్ల సమీపాన 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టువార్టుపురం అట్టిదే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయినది. ఆ జాతులు విముక్త జాతులైనవి. చట్టం పోయిన పిమ్మట కూడా ముల్లాలీ మాట శీర్షికగా కొనసాగినచో, స్టువార్టుపురం నుండి వచ్చి పరిశోధనకు కూర్చున్న విద్యార్థి తన తాతముత్తాతల చరిత్రను నేరశాస్త్రపు అరలో వెదకుకొనవలసి వస్తుంది. ఎరుకల భాషను గూర్చిన భాషాశాస్త్ర గ్రంథం ఒక అరలో, ఎరుకలవారి సోది పాటల సంకలనం మరొక అరలో, వారిపై పోలీసు నివేదిక వేరొక అరలో ఉండి, వాటిని కలిపే సూచన ఎక్కడా లేకపోతే ఆ జాతి సమగ్రంగా ఎవరి దృష్టికీ రాదు.

వర్గీకరణ పద్ధతుల మాట కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మన గ్రంథాలయాలలో అత్యధికంగా వాడుకలో నున్న డ్యూయీ దశాంశ వర్గీకరణ 1876లో అమెరికాలో పుట్టినది. మతానికి కేటాయించిన 200 తరగతిలో సింహభాగం క్రైస్తవానిది. హిందూమతానికి దక్కినది 294.5. అందువలన వేదాలు, రామాయణ భారతాలు, పురాణాలు దశాంశ బిందువు తరువాత పొడవైన అంకెలతో ఇరుకున పడినవి. తెలుగు గ్రంథపాలకునికి దీనివలన కలిగే చిక్కు తాత్త్వికమైనది మాత్రమే అనుకొనరాదు. పోతన భాగవతం 294.5925లో పురాణంగా చేరవలెనా, 894.827లో తెలుగు కావ్యంగా చేరవలెనా? కవిత్రయ భారతం ఎక్కడ? ఒకే కళాశాలలో నన్నయ ఒకచోట, ఆయన కవితపై వచ్చిన విమర్శ మరొకచోట ఉండడం అరుదేమీ కాదు. మతగ్రంథం, కావ్యం అను రెండు పెట్టెలు విడివిడిగా ఉన్న దేశంలో తయారైన కొలబద్ద ఇది. కావ్యమే మోక్షసాధనమైన సంప్రదాయం దానికి పట్టదు.

భాషల తరగతి మరింత విచిత్రం. తెలుగు సంఖ్య 494.827. ఈ 494 క్రింద తెలుగుకు ఇరుగుపొరుగుగా ఉన్నవి టర్కీ, ఫిన్నిష్ మొదలైన ఆల్టాయిక్, యురాలిక్ భాషలు. ద్రావిడ భాషలకు సిథియన్ కుటుంబంతో చుట్టరికం ఉన్నదని కాల్డ్‌వెల్ 1856లో ప్రతిపాదించిన కాలపు ఊహకు ఇది అనుగుణంగా ఉన్నది. ఆ ఊహను భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో విడిచిపెట్టినారు. అరమీది అంకె మాత్రం విడువలేదు. కాల్డ్‌వెల్ కంటె నలుబదియేండ్లు ముందే, 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ వ్రాసిన పీఠికలో ద్రావిడ భాషల స్వతంత్రత నిరూపితమైనదని, ఆ నిరూపణకు కోట కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కృషి తోడైనదని అందరికీ తెలిసినదే. అదే క్యాంబెల్ పుస్తకం పేరులో తెలుగుకు జెంటూ అన్న పరాయి నామం కూడా నిలిచి ఉన్నది.

ఈ అసౌకర్యాన్ని గుర్తించి ప్రత్యామ్నాయం నిర్మించినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్. ఆర్. రంగనాథన్. 1933లో వెలువడిన ఆయన ద్విబిందు వర్గీకరణలో ప్రతి గ్రంథాలయం తన ప్రాంతపు భాషకు మొదటి స్థానం ఇచ్చుకొనే వెసులుబాటు ఉన్నది. అయితే ఆయన మతాల వరుస వేదమతంతో మొదలవుతుంది. మొదలెక్కడన్న సమస్య ఏ పద్ధతినీ విడువదు కాబోలు.

అమెరికాలో ఈ వివాదం ముందుగా నల్లజాతి గ్రంథపాలకుల నుండి వచ్చినది. వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయంలో 1930ల నుండి పనిచేసిన డొరొతీ పోర్టర్, నల్లవారు వ్రాసిన ఏ పుస్తకాన్నైనను వలసలు, బానిసత్వం అను అంకెల క్రింద త్రోసివేయు ఆచారాన్ని నిరాకరించి, కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో చేర్చినది. 1971లో శాన్‌ఫర్డ్ బెర్మన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికలలోని దురభిప్రాయాలను ఎత్తిచూపుతూ పుస్తకం వ్రాసినాడు. ఆ శీర్షికలలో అక్రమ పరదేశీయులు అన్న మాటను మార్చడానికి 2014లో ఒక కళాశాల విద్యార్థులు ఉద్యమించగా, అది రాజకీయ వివాదమై, 2021లో గాని మార్పు రాలేదు. మెల్విల్ డ్యూయీ జాతివివక్షా ప్రవర్తనను, ఇతర దుష్ప్రవర్తనను కారణంగా చూపి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో ఒక పురస్కారం నుండి ఆయన పేరు తొలగించినది. ఒక్క మాట మార్చుటకు ఏడేండ్లు పట్టిన చోటు నుండి తెలుగుదేశపు సంస్థలు నేర్చుకొనవలసినది తొందర కాదు, మొదలుపెట్టవలసిన అవసరం.

తెలుగువారికి తమదైన గ్రంథాలయ సంప్రదాయం లేకపోలేదు. హైదరాబాదులో 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయం అరబీ, పారసీ, ఉర్దూ గ్రంథాలకు పుట్టినిల్లు; తెలుగు చదువరికి అక్కడ దక్కినది స్వల్పం. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలియడానికి గల నేపథ్యాలలో ఇది ఒకటి. 1914 నుండి అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు నడిపిన గ్రంథాలయోద్యమం ఊరూర పుస్తకాన్ని ప్రజలకు చేర్చినది. ఆ ఉద్యమం సేకరించిన తాళపత్రాలు, పాత ముద్రణలు వేటపాలెంలోను, రాజమహేంద్రవరంలోను నేటికీ ఉన్నవి. అట్లు ప్రజలే కూర్చుకొన్న సేకరణలలో కూడ జంగం కథలు, కులపురాణాలు, చిందు యక్షగానాలు ప్రబంధాలతో సమానంగా నమోదు కాకపోవడానికి దొరలను నిందించి లాభం లేదు. ప్రక్షిప్తమనో, గ్రామ్యమనో ప్రక్కన పెట్టినవి పండితుల చేతులే.

ఇక మార్పు ఏ తీరున జరుగవలెను? పాత శీర్షికలను తుడిచివేయవలెనన్న వాదం ఆకర్షణీయమే కాని ప్రమాదకరం. టేలరు ఒక గ్రంథాన్ని అసభ్యమన్నాడన్నది కూడా చరిత్రే; ముల్లాలీ మాట అచ్చయిన సంవత్సరం తెలియనిదే ఎరుకలవారిపై జరిగిన అన్యాయం నిరూపించుట కష్టం. కాగా అదే మాటను సూచిక తన మాటగా చెప్పుట వేరు, ఫలానావారు ఫలానా సంవత్సరంలో అన్న మాటగా చూపుట వేరు. మొదటిది నేటితో ఆగవలెను. రెండవది ఎన్నటికీ పోరాదు. సమూహాల పేర్ల విషయంలో ఆ సమూహంవారు తమను పిలుచుకొను పేరే ప్రధాన శీర్షిక కావలెను. పాత పేరు దానికి దారిచూపు అడ్డసూచనగా ఉండవలెను. లేనిచో పాత సూచిక పట్టుకొని వచ్చిన పరిశోధకుడు దారి తప్పుతాడు.

అంకీకరణ పేరుతో పాత సూచికలనే యథాతథంగా కంప్యూటరుకు ఎక్కించు పని వేగంగా సాగుతున్న తరుణం ఇది. కార్డుపై నున్న తప్పు ఒక గదిలో ఉండేది. అదే తప్పు తెరపైకి వస్తే ఎందరి ఉదాహరణలలోనికో పాకుతుంది. కైఫీయతు ఒక్కదానికి నమోదు వ్రాయునపుడు సేకరణ పేరుతో పాటు వృత్తాంతం చెప్పిన కరణం పేరు, దానిని వ్రాసి తెచ్చిన గుమాస్తా పేరు, అనువాదం ఉన్నచో అనువాదకుని పేరు, నకలు తీసిన కాలం వేరువేరు గడులలో చూపడం కష్టమైన పని కాదు. చాలా కైఫీయతులలో ఈ వివరాలు పాఠంలోనే, మొదటనో చివరనో ఉన్నవి. తాళపత్ర ప్రతులకు పుష్పిక ఉన్నది. అందులో వ్రాయసకాని పేరు, ఊరు, సంవత్సరం, మాసం, తిథి, ఎవరి కొరకు వ్రాసినది అన్నీ ఉంటాయి. తన చేతివ్రాతలోని తప్పులను క్షమించి చదువుకొమ్మని అతడు చేసిన ప్రార్థన కూడా తరచు అక్కడే ఉంటుంది. సూచికకర్తలలో పలువురు ఆ ప్రార్థన వరకు వచ్చి, పై నున్న పేరును ఎత్తి వ్రాయక పత్రాలను కట్టివేసినారు. ఆ కట్టలు విప్పి, ఆఖరు పత్రం నుండి పని మొదలుపెట్టుటకు ప్రాచ్య కళాశాలల ఎం.ఏ. విద్యార్థులకు లిపి పరిచయం తప్ప వేరే అర్హత అక్కరలేదు.